తడిబట్టల మూట

నేను అనని మాట నా నోట్లో పెట్టి, దాని కింద నా పేరు అచ్చేసి గోడకెక్కేలా చేసినవాడి మీద నాకు కోపం ఇంకా పోలేదు. పోవాలని నేనేమీ మొక్కుకోవడం లేదు. ఉండనీ.

దోహాలో మే నెల దాటితే గాలి కూడా పొయ్యిలోంచి వస్తున్నట్టే ఉంటుంది. ఆ మే ఆఖర్లో మా షెడ్డుకు ఆ బొమ్మ వచ్చింది. మాది ఫ్రేములు కట్టే కంపెనీ. నేను జగిత్యాల కాలేజీలో హిస్టరీతో డిగ్రీ చేశాను. ఆ చదువుకు ఇక్కడ దక్కిన మర్యాద ఒక్కటే: అందరికీ అద్దాలు కోసే పని, నాకు పాత కాగితాలు పట్టుకునే పని.

వెస్ట్ బేలో ఒక టవర్ కింది అంతస్తులో గ్యాలరీ ఉంది. దాన్ని చూసుకునే మేడం ఫ్రెంచి ఆవిడ. ఆమే స్వయంగా ఆ కాగితాన్ని పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నూట ఎనభై ఏళ్ళ కిందటి అచ్చుబొమ్మ. మన ఇళ్ళల్లో పరిచే షాబాద్ బండలాంటి సున్నపురాయి మీద జిడ్డు పెన్సిల్‌తో గీసి, తడిపి, సిరా పట్టించి కాగితానికి అద్దుతారట. అప్పట్లో పత్రికలో వచ్చింది కాబట్టి వెనకపేజీ అక్షరాలు లీలగా ఇవతలికి కనిపిస్తున్నాయి.

బొమ్మలో ప్యారిస్‌లోని ఇరుకు వీధి. ఒక ఇంట్లోంచి కుటుంబం సామాన్లతో బయటికి వస్తున్నది. మొగుడి వీపు మీద తిరగేసిన బల్ల. పిల్ల చేతిలో పిట్ట పంజరం. పెళ్ళాం నెత్తి మీద పెద్ద మూట. గుమ్మం పక్కన బొజ్జాయన, కోటూ టోపీ వేసుకుని, వేలికి తాళాల గుత్తి తగిలించుకుని నిలబడ్డాడు. పై కిటికీలో ఇద్దరు ఆడవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. బొమ్మ కింద ఒక వరుస ఫ్రెంచి అక్షరాలు.

"ఆ వరుసను ఇప్పటికి చుట్టూ పెట్టే మౌంటు అట్ట కింద దాచేసెయ్ రఫీ" అంది మేడం. "చదివితే ఎవరూ బొమ్మ చూడరు. మీ షెడ్డువాళ్ళంతా చూసి, ఏం జరుగుతోందో మీ మీ భాషల్లో రాసివ్వండి. కింద ఇంగ్లిష్ వేసి బొమ్మ పక్కన పెడతాను. సెప్టెంబర్లో ప్రదర్శన."

ఇంగ్లిష్ చేసే పని జహాంగీర్ భాయ్‌కి అప్పజెప్పారు. ఆయన మా కంపెనీ మందూబ్. అంటే వీసాలు, ముద్రలు, ఆఫీసుల చుట్టూ తిరిగే కాగితాలన్నీ ఆయన చేతిలోవే. ఆయనకు అరబ్బీ, ఇంగ్లిష్, ఉర్దూ, తెలుగు నాలుగూ వచ్చు. నాలుగింటిలోనూ అబద్ధం చెప్పగలడని నాకప్పటికి తెలియదు.

ఆయన మా మెట్‌పల్లి మనిషి. మా పెద్దనాన్న కొడుకుతో ఒకే బెంచీ మీద చదివాడు. నేను మొదటిసారి దోహాలో దిగినప్పుడు ఎయిర్‌పోర్టుకు దుప్పటి పట్టుకుని వచ్చాడు, "క్యాంపుల ఏసీ గడ్డకట్టిస్తది తమ్మీ" అంటూ. నా భార్య మెహర్ సుల్తానా, మా పిల్ల తూబా వచ్చాక అల్ హిలాల్‌లో గది ఇచ్చింది కూడా ఆయనే. ఒక పెద్ద విల్లా తన పేరు మీద తీసుకుని, జిప్సం అట్టలతో తొమ్మిది గదులు కొట్టి, తొమ్మిది సంసారాలకు ఇచ్చాడు. నాకు కిరాయి కాగితం ఒక్కటి ఇవ్వలేదు, నేను అడగలేదు. ఊరోడిని కాగితం అడగడమంటే మొహాన ఉమ్మినట్టు అనుకుంటాం మేం. ఆ పౌరుషమే మా కొంప ముంచింది.

బొమ్మను ఫోన్లో ఫోటో తీసుకుని ఇంటికెళ్ళాను. ఉమ్మడి వంటింట్లో మెహర్ చపాతీలు చేస్తోంది. పక్క గదిలో ఉండే లలితకుమారి గారు కూర తరుగుతోంది. వాళ్ళది రాజమండ్రి, ఆయన రామకృష్ణారావు గారు ఏదో ఆఫీసులో అకౌంటెంటు.

"ఇల్లు మారుతున్నట్టున్నారండీ" అంది లలితకుమారి గారు ఫోన్లోకి తొంగిచూసి. "పిట్టను కూడా వదల్లేదు పాపం."

"నేను గట్లనే రాద్దామనుకుంటున్న" అన్నాను. "కాకుంటే కాగితం కింది భాగంలో మచ్చలున్నయి. మూట కింద చూడుండ్రి, చుక్కలు చుక్కలు. చెమ్మకు పట్టిన మరకలు. రేపు మేడంకు చెప్పి తుడిపియ్యాలె."

మెహర్ పిండిచేతి వేలి గోటితోనే బొమ్మను పెద్దది చేసింది. చాలాసేపు చూసింది.

"మచ్చలు కావు" అంది.

"మరి?"

"నీళ్ళు. మూటలకెల్లి కారుతున్నయి. జర మూట అడుగు చూడు, నల్లగ లేదూ? కింద బాట మీద గూడ తడి ఉన్నది. తడిబట్టలు మూటగట్టింది."

నేను పదేళ్ళుగా పాత కాగితాలు పట్టుకుంటున్నవాణ్ణి. మరకలు ఒక వరుసలో పడవు, ఒకే వైపు వాలవు. ఆ మాత్రం నాకు తట్టలేదు. బొమ్మవాడు పనిగట్టుకుని గీసిన నీటిచుక్కలను తుడిపించబోయాను.

"అయితే ఏందే?" అన్నాను, సిగ్గు దాచుకుంటూ.

మెహర్ నన్ను తూబాను చూసినట్టు చూసింది. "ఇయ్యాల ఇల్లు ఖాళీ చేస్తమని తెలిసిన ఆడిది పొద్దుగాల బట్టలు నానవెడ్తదా? పిండుతదా? ఆమెకు ఎవ్వరు చెప్పలే. ఈ కోటాయనను చూడు, టోపీ గీపీ పెట్టుకుని తయారై నిలవడ్డడు. ఈనకు ముందుగాలనే ఎర్క."

లలితకుమారి గారు కత్తిపీట పక్కన పెట్టేసింది. "అమ్మ బాబోయ్. అవును కదా!"

ఆ రాత్రే రాశాను. నాలుగు వాక్యాలు. "ఈమె మూటలోవి తడిబట్టలు. పొద్దున ఉతుక్కుంది, అంటే ఇల్లు వదలాలని ఈమెకు ఎవరూ చెప్పలేదు. తాళాలు పట్టుకున్నాయనకు ముందే తెలుసు. ఇది నా భార్య మెహర్ సుల్తానా చూసి చెప్పింది." కింద నా పేరు పెట్టి మర్నాడు జహాంగీర్ భాయ్ చేతికిచ్చాను. ఆయన చదివి, కళ్ళజోడు పైకి నెట్టుకుని, "భాభీ మస్తు హుషారే" అని నవ్వాడు.

జూలై మూడో శుక్రవారం, జుమ్మా నమాజు తర్వాత ఆయన పికప్ వేసుకుని విల్లాకు వచ్చాడు. హాల్లో ఉన్న రెండు ఏసీలు, ఖాళీ గదిలోది ఒకటి, వంటింటి పెద్ద ఫ్రిజ్, తన స్టోర్‌రూమ్‌లోని అట్టపెట్టెలు తీసుకుపోవాలన్నాడు.

"ఏసీలు సర్వీసింగ్‌కు తమ్మీ. ఫ్రిజ్ కొత్తది తెస్త. జర చెయ్యి వేయరాదు? యల్లా!"

వేశాను. నలభై ఏడు డిగ్రీల ఎండలో మూడు ఏసీలు నా భుజం మీదే పికప్ ఎక్కాయి. ఫ్రిజ్ తీగలు కూడా నేనే విప్పాను. పోతూ తూబా చేతిలో చాక్లెట్ పెట్టి తల నిమిరాడు.

"ఎండలు మండుతుంటె సర్వీసింగా?" అంది మెహర్ గుమ్మంలో నిలబడి.

"మన గదిల ఏసీ ముట్టలేదు గద" అన్నాను. "ఊరికెనే అనుమానపడకు."

సోమవారం పొద్దున పది దాటాక లలితకుమారి గారు ఫోన్ చేసింది. మాట సరిగా రావడం లేదు. "రఫీ గారూ, తనిఖీవాళ్ళు వచ్చారండీ. ఈ గోడలన్నీ పెర్మిషన్ లేనివంట. కరెంటు తీసేశారు. గంటలో అందరం బయటికి వెళ్ళాలంటున్నారు. మీరు రండి."

సూపర్‌వైజర్ కాళ్ళావేళ్ళా పడి, దొరికిన బండెక్కి వెళ్ళేసరికి పదకొండున్నర. విల్లా ముందు ఫుట్‌పాత్ మీద తొమ్మిది సంసారాలు. పరుపులు, కుక్కర్లు, స్కూలు బ్యాగులు. తనిఖీకి వచ్చినవాళ్ళను నేను తిట్టను. లోపల గాలి ఆడని గదులు, ఒకే దారి, నిప్పంటుకుంటే చచ్చేవాళ్ళమే. వాళ్ళు వాళ్ళ పని చేశారు. ఒకతను పిల్లలకు నీళ్ళ బాటిళ్ళు పంచుతున్నాడు కూడా.

ఎదురు మేడ కిటికీలో ఎవరో ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నారు.

తూబా తన పుస్తకాలు గుండెకు హత్తుకుని ఉంది. పక్కనే మెహర్, దుప్పట్లో మూటగట్టిన బట్టలు చంకలో పెట్టుకుని. మూట కింది నుంచి నీళ్ళు కారి ఆమె సల్వార్ తడిసింది. చుక్కలు సిమెంటు మీద పడి, నేను చూస్తుండగానే ఆరిపోతున్నాయి.

నన్ను చూసి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"పొద్దుగాల్నే నానవెట్టిన" అంది. "చెప్తే నానవెడుదునా?"

జహాంగీర్ భాయ్‌కి పదకొండు సార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు, పన్నెండోసారి ఎత్తాడు.

"మీటింగుల ఉన్న తమ్మీ."

"భాయ్, నీకు ముందే ఎర్క."

"ఏం ఎర్క?"

"శుక్రవారం నా భుజాల మీద నీ ఏసీలు బయటవడ్డయి. సోమవారం మేం బయటవడ్డం."

ఆయన గొంతు తగ్గించాడు. "నోటీసు నాకు పదిరోజుల కింద వచ్చింది. చెప్తే తొమ్మిది ఇండ్లోల్లు లొల్లి చేస్తురు. నా పేరు బ్లాక్‌లిస్టుల పడ్తుండె. నాకూ పిల్లలున్నరు రఫీ. నీ సంగతి నేను చూసుకుంట, నువ్వు పరాయోనివా?"

పరాయివాడైతే ఏసీలు మోయమని అడిగేవాడు కాదు. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగాను. ఎందుకు మింగానో చెప్పాలి. మెహర్, తూబాల రెసిడెన్సీ సెప్టెంబర్ ముప్పైకి అయిపోతుంది. రెన్యూవల్‌కు ఇంటి అగ్రిమెంటు కావాలి. నా జీతానికి వేరే ఇల్లు దొరకదు. అగ్రిమెంటు లేకపోతే తల్లీకూతుళ్ళు విమానమెక్కి మెట్‌పల్లి పోవాలి, తూబా నాలుగో తరగతి మధ్యలో వదిలెయ్యాలి. "సెప్టెంబర్లోపల కంపెనీ ఫ్లాటు ఒకటి నీ పేరు మీద చేయిస్త, ఖలాస్" అన్నాడు. అందుకని మింగాను.

రామకృష్ణారావు గారికి వాళ్ళ ఆఫీసువాళ్ళు చిన్న ఫ్లాటు ఇచ్చారు. "మెహర్, పిల్ల మాతో ఉంటారు, మీరేం మాట్లాడకండి" అంది లలితకుమారి గారు. ఉన్న ఒక్క పడగ్గదిలో సగం ఇచ్చింది. నేను బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపులో మా కంపెనీవాళ్ళ గదిలో పై బెర్తుకు ఎక్కాను. ఆగస్టంతా శుక్రవారం శుక్రవారం వెళ్ళి నా పెళ్ళాంబిడ్డలను చుట్టంలా చూసి వచ్చాను. జహాంగీర్ భాయ్ కనపడ్డప్పుడల్లా "ఫైలు కదుల్తున్నది తమ్మీ" అనేవాడు. నేను సలాం చేసేవాణ్ణి.

సెప్టెంబర్ రెండో గురువారం గ్యాలరీలో బొమ్మలు తగిలించాం. దాచిన ఫ్రెంచి వరుస కనపడేలా మౌంటు మార్చాను. పక్కన పెట్టేందుకు మా రాతలు అచ్చేసిన అట్టల కట్ట విప్పాను. నాది తీశాను. పైన తెలుగు, నేను రాసింది రాసినట్టే ఉంది. ఒక్క అక్షరం మారలేదు. కింద ఇంగ్లిష్ చదివాను.

"కష్టజీవుల కుటుంబం సంతోషంగా మంచి ఇంటికి మారుతోంది. దయగల యజమాని సాగనంపడానికి వచ్చాడు. ఈ బొమ్మ చూస్తే మా ఊరి ఆప్యాయతలు గుర్తొస్తున్నాయి." కింద నా పేరు. మెహర్ పేరు లేనే లేదు.

ఆ హాలుకు వచ్చేవాళ్ళలో తెలుగు చదివేదెవరు? ఆ ధైర్యంతోనే పైది ముట్టుకోలేదు, కిందిది మార్చాడు. బయటికెళ్ళి ఫోన్ చేశాను.

"ఇదేంది భాయ్?"

"పెద్దపెద్దోళ్ళు వస్తరు తమ్మీ. తాళాలోడు, దొంగ, గివన్ని ఎందుకు? మనోళ్ళ ఇజ్జత్ నేను చూసుకోవద్దా?" తర్వాత మామూలుగా, వాతావరణం చెప్పినట్టు చెప్పాడు: "నీ ఫ్లాటు కాయిదం నా టేబుల్ మీదనే ఉన్నది. వచ్చే వారం సంతకం అయితది."

లోపలికి వచ్చి ఆ అట్టను గోడకు అతికించాను. లెవెల్ పెట్టి, వంకర లేకుండా, మూలలు నొక్కి మరీ. ఆ గోడ మీద నా చేత్తో చేసిన పనుల్లో అంత నీటుగా కుదిరింది ఇంకోటి లేదు. నా మీద నాకున్న కోపం కూడా కథలో ఉండాలి కాబట్టి చెబుతున్నాను.

శనివారం పొద్దున రాసినవాళ్ళ కుటుంబాలను పిలిచారు. మెహర్ ఇస్త్రీ చేసిన చున్నీ వేసుకుని, తూబాను, లలితకుమారి గారిని వెంటబెట్టుకుని వచ్చింది. నేను ఆమెకు ఏమీ చెప్పలేదు. హాలు అవతలి కొసన జహాంగీర్ భాయ్ సూటు వేసుకుని ఎవరితోనో అరబ్బీలో నవ్వుతున్నాడు.

మెహర్ పదో తరగతి దాకా తెలుగు మీడియమే. అట్ట ముందు నిలబడి మెల్లగా, పెదవులు కదుపుతూ చదువుకుంది. ఆఖరి వాక్యంలో తన పేరు చూసి చున్నీ కొస నోటికి అడ్డం పెట్టుకుంది. రెండు నెలల తర్వాత ఆమె నవ్వు చూశాను.

"తూబా, కిందిది గూడ చదువు. ఇంగ్లిషుల నా పేరు ఎట్లుంటదో చూద్దాం."

తూబా గట్టిగా చదివింది. స్కూల్లో చదివినట్టు, ఆగాల్సిన చోట ఆగుతూ. చదివాక మొహం చిట్లించింది. "అమ్మీ, నీ పేరు లేదు. వీళ్ళు హ్యాపీగా పోతున్నరట. ఆయన మంచోడట."

మెహర్ నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది. నా వైపు తిరిగింది. "నీకు ఎర్కనా?"

"గురువారం ఎర్కయింది." నేల చూశాను. "కాయిదం ఆయన చేతుల ఉన్నది మెహర్. ఒక్క వారం..."

"కాయిదం సంగతి నాకూ ఎర్కనే" అంది.

అప్పుడే మేడం మా దగ్గరికి వచ్చి, చెయ్యి కలిపి, "మీకు మీ ఆయన రాసింది నచ్చిందా?" అని అడిగింది. తూబా తెలుగులో చెప్పింది.

"నేను చెప్పింది చెప్పినట్టు చెప్తవా బిడ్డా?" అంది మెహర్. "ఎక్కువొద్దు, తక్కువొద్దు."

తూబా తలూపింది. లలితకుమారి గారు పిల్ల భుజం మీద చెయ్యి వేసింది.

"ఇవి తడిబట్టలు, చెప్పు." చెప్పింది. "పొద్దుగాల పిండింది. పోవాలెనని ఆమెకు ఎవ్వరు చెప్పలే." చెప్పింది. "తాళాలాయనకు ముందే ఎర్క. పైన తెలుగుల ఇదే ఉన్నది. కింద ఇంగ్లిషుల ఉన్నది మేం చెప్పలే."

మేడం బొమ్మ దగ్గరికి వంగింది. మూట కింద, బాట మీద, ఒక్కో చుక్కనే చూసింది. ఎన్నేళ్ళుగా ఆ బొమ్మను ఎరుగునో ఏమో. లేచి, కింది ఫ్రెంచి వరుస మీద వేలు పెట్టి, ఇంగ్లిషులో తూబాకు చెప్పింది. తూబా మాకు చెప్పింది.

"ఇది తాళాలాయన కిటికీల ఆంటీలతోని అంటున్న మాటనట. 'మా కిరాయోళ్ళు మంచి గాలి కోసం పోతున్నరు' అంటున్నడట."

ఆ గీసినవాడు ఎలాంటివాడో నాకు అప్పుడు తెలిసివచ్చింది. మాటలన్నీ తాళాలాయనకు ఇచ్చాడు. ఆమెకు ఒక్క మాట ఇవ్వలేదు, నీటిచుక్కలు ఇచ్చాడు. కావాలంటే ఆయన మాట చదువుకో, కళ్ళుంటే ఆమె మూట చూడు, అని వదిలేశాడు. నేను వాటిని మచ్చలనుకున్నాను.

జహాంగీర్ భాయ్ వచ్చి నిలబడ్డాడు. "సారీ మేడం, టైపింగ్‌లో పొరపాటు" అని ఇంగ్లిషులో అని, నవ్వు మొహం చెదరకుండానే తెలుగులో నాతో, "ఏందిరా ఈ తమాషా? ఇంటామెకు చెప్పుకోరాదా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా మెహర్ ఆయన వైపు తిరిగింది. చున్నీ సర్దుకుంది. గొంతు పెంచలేదు.

"భాయ్, ఏసీలు సర్వీసింగ్ అయినయా?"

ఆయన మొహం నేను మరిచిపోను. ఫోన్ మోగకపోయినా జేబులోంచి తీసి, చెవిదగ్గర పెట్టుకుని బయటికి నడిచాడు.

సోమవారం కొత్త అట్ట వచ్చింది. పైన అదే తెలుగు, కింద తూబా చెప్పిన ఇంగ్లిష్ తూబా చెప్పినట్టే. మెహర్ పేరుంది. పాతది పీకి నేనే అతికించాను. బుధవారం నన్ను పాత కాగితాల బల్ల నుంచి అద్దాలు కోసే వైపు మార్చారు. ఫ్లాటు కాగితం ఆ వారం రాలేదు, తర్వాతి వారమూ రాలేదు. ఫైలెక్కడుందని అడిగితే జహాంగీర్ "ఏ ఫైలు?" అన్నాడు. ఆయన్ను భాయ్ అనడం అప్పుడే మానేశాను.

రామకృష్ణారావు గారు తన ఆఫీసులో ఇద్దరు ముగ్గుర్ని కదిలించాడు. కాలేదు. తల్లీకూతుళ్ళకు సెప్టెంబర్ ఇరవై ఎనిమిదికి టికెట్లు తీశాను.

ఇరవై ఆరున నేను వెళ్ళేసరికి లలితకుమారి గారి బాల్కనీ నిండా తీగలు కట్టి ఉన్నాయి. మెహర్ అన్నీ ఉతికేసింది. దుప్పట్లు, తూబా స్కూలు డ్రెస్సులు, మెడలు అరిగిన నా చొక్కాలు.

"ఇప్పుడు ఇన్నెందుకే?" అన్నాను. "ఊర్ల ఉతుక్కోరాదా?"

ఆమె ఒక్కో బట్టనూ పట్టుకుని చూస్తోంది. అంచులు, జేబులు, కుట్ల దగ్గర. ఏ మూలన్నా చెమ్మ తగిలితే మళ్ళీ తీగ మీద వేస్తోంది. ఆరినవాటిని చెంపకు ఆనించుకుని చూసి మడత పెడుతోంది.

"ఈసారి తారీఖు నాకు ఎర్క గద" అంది. "ఆరవెట్టుకోనియ్యి."

నేను పక్కన కూర్చుని, ఆమె అందించినవి ఒక్కొక్కటే పెట్టెలో సర్దాను. చివరి దుప్పటి దగ్గర మాత్రం ఆమె చెయ్యి ఆగింది. కొస ఇంకా తడిగా ఉందంది. ఇద్దరం బాల్కనీలోనే, ఆ వేడిలోనే, అది పూర్తిగా ఆరేదాకా కూర్చున్నాం.